కలుగులో సగం

ఆమె ఒక వరి పిలకను తెచ్చి మా కొట్లో త్రాసు పళ్ళెంలో పెట్టింది. పిలక మొదట్లో ఏటవాలుగా కోసి ఉంది, ఎవరో పదునైన బ్లేడుతో చెక్కినట్టు.

"ఇది ఏంది కోసిండాదో చెప్పప్పా," అంది.

నేను దాన్ని చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, పెద్ద తెలిసినవాడిలా చూసి, "కొడవలి," అన్నాను.

"కొడవలి అయితే నా ఇంట్లోనే ఉండాది. దానికి నీ కొట్టుకు ఎందుకొస్తాను? ఎలకప్పా."

కాడుగోడిలో రైల్వే స్టేషను నుంచి సంతకి వెళ్ళే దారిలో మా కొట్టు ఉండేది. ముందువైపు బియ్యం, పప్పులు, నూనె, బెల్లం. వెనక గదిలో విత్తనాలు, ఎరువులు, పురుగు మందులు. తాత పెట్టాడు, నాన్న నడిపాడు, తొంభైల చివరికి నా చేతికొచ్చింది. మా ఇంట్లో పిల్లలకి మాటలకంటే ముందు బేరం వస్తుందనేవాళ్ళు. అమ్మ "ఇంకో ముద్ద తిను" అంటే "సగం ముద్ద" అనేవాణ్ణట. నా పెళ్ళికి పురోహితుడు మూడు ముహూర్తాలు చెబితే నాలుగోది అడిగానని మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెప్పి నవ్విస్తుంది. నిజంగానే అడిగాను. నాలుగోది మేలైనదే వచ్చింది కూడా. ఇట్లాంటి గెలుపులు నా జీవితంలో చాలా ఉన్నాయి. నేను చెప్పబోయేది కూడా గెలుపే.

ఆమె మాకు చుట్టం కాదు. చిన్నప్పటి నుంచి పెద్దమ్మా అని పిలవడం అలవాటు. చెరువు కింద ఎకరంన్నర మడి ఉండేది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ప్రతి ఏడూ ఇంటికి ఏడాది గింజలు దాచుకుని, మిగిలిన వడ్లు మా కొట్టుకి తెచ్చి బెల్లం, నూనె, చింతపండు పట్టుకుపోయేది. బేరమాడేది కాదు. నాన్న త్రాసు ముల్లు నిలబడకముందే "చాలప్పా" అనేది. ఆమె వెళ్ళాక నాన్న ఎప్పుడూ ఒక చిన్న బెల్లపు ముక్క పక్కన తీసిపెట్టి మరుసటిసారి ఆమె సంచిలో వేసేవాడు. బేరమాడని మనిషి అంటే మా ఇంట్లో కొంచెం భయం.

ఆ ఏడు ఆమె పిలక పట్టుకుని రావడానికి పెద్ద కారణమే ఉంది. వైట్‌ఫీల్డు వైపు అద్దాల కట్టడాలు లేస్తున్న రోజులు. ఆమె బావగారి కొడుకులు ఇద్దరికీ మడి అమ్మేయాలని ఉంది. కాగితాల మీద ఆమె వేలిముద్ర లేకుండా అమ్మడానికి లేదు. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. అందరి ముందూ ఈమె లేచి, "ఈ మడి నా ఇంటికి ఏడాది గింజ పెట్టినన్నాళ్ళు దాన్ని ముట్టొద్దు. పెట్టని ఏడు నేనే నడిచొచ్చి వేలు వేస్తాను," అని వచ్చేసింది.

ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. "ఆఖరి మాట మొదటే చెప్పేస్తే ఎట్లా పెద్దమ్మా? కాస్త ఆపి, కాస్త ఏడిచి, రెండేళ్ళు సాగదీయాల్సింది. బేరమంటే అది."

"నేను బేరం చెయ్యలే. మాటిచ్చినాను," అంది.

ఇప్పుడు ఆ మాట మీద ఎలుకలు పడ్డాయి. పైరు పొట్ట మీద ఉంది. ఇంకో వారంలో వెన్నులు బయటికొస్తాయి. ఆ అదనులో పిలక తియ్యగా ఉంటుందని, ఎలుక తినేది తక్కువ, కోసి పడేసేది ఎక్కువ అని ఆమె చెప్పింది. ఒక్క పిలక కోస్తే ఒక వెన్ను పోయినట్టే, మళ్ళీ పిలక వేసే కాలం దాటిపోయింది.

"ఎప్పుడూ ఉండేవే కదా ఎలుకలు," అన్నాను.

"ఉండేవే. మునుపు ఊరందరివి. ఇప్పుడు నా ఒక్కదానివి."

మరుసటి రోజు స్కూటరేసుకుని వెళ్ళి చూస్తే ఆ మాట అర్థమైంది. మునుపు చెరువు తూము ఎత్తితే ఒకే వారంలో అందరి మళ్ళకీ నీళ్ళు పారేవి. నాట్లు ఒక్కసారే, కోతలు ఒక్కసారే. కోతలయ్యాక ఎలుకలకి మళ్ళీ పైరు వచ్చేదాకా తిండి ఉండేది కాదు, చాలావరకు ఆకలికే పోయేవి. నాట్లకు ముందు అందరూ కలిసి గట్లు చెక్కి సన్నం చేసేవాళ్ళు. సన్నటి గట్టులో ఎలుక కాపురం పెట్టలేదు. ఇప్పుడు చుట్టూ మళ్ళు బీడు పడ్డాయి. అమ్ముడుపోయినవి కొన్ని, కొనేవాడి కోసం ఎదురుచూస్తున్నవి కొన్ని. సున్నం పూసిన హద్దురాళ్ళు, నడుమెత్తు గడ్డి, లారీలు కుమ్మరించిపోయిన మట్టి దిబ్బలు. ఆ దిబ్బల్లో ఎలుకలు, పందికొక్కులు ఎవరి అడ్డూ లేకుండా పిల్లల్ని పెట్టాయి. గుడ్లగూబలుండే కొబ్బరి చెట్లు కొట్టేశారు. పాముల్ని లేఅవుటు పనివాళ్ళు కనబడినవి కనబడినట్టే కొట్టేశారు. వానలాగి గడ్డి ఎండాక చెరువు కింద పచ్చగా మిగిలింది పెద్దమ్మ మడి ఒక్కటే. ఊరంతటికీ ఒకే హోటలు మిగిలినట్టు.

నేను గట్టు మీద నిలబడి, "ఇది నాకొదిలెయ్ పెద్దమ్మా. మందు నాది, నూక నాది, నువ్వు దేనికీ చెయ్యి పెట్టొద్దు," అన్నాను. అన్నప్పుడు నిజంగానే గొప్ప మనిషినైపోయాననిపించింది.

ఎలుకల మందు పెట్టే పద్ధతి నాకు నోటికొచ్చు. వ్యవసాయ శాఖ అధికారి ఒకాయన వచ్చి మా కొట్టు గోడకి కాగితం అంటించి, నాకు రెండుసార్లు చెప్పి, నా చేత చెప్పించుకుని వెళ్ళాడు. మొదటి రెండు రోజులు మందు కలపకుండా మంచి నూకలో నూనె కలిపి కలుగుల దగ్గర పెట్టాలి. ఎలుక అనుమానం మనిషి. కొత్తది కనబడితే కొంచెమే కొరుకుతుంది, ఏమీ కాకపోతేనే మరుసటి రోజు కడుపునిండా తింటుంది. అలవాటు పడ్డాక మూడో రోజు మందు, అదే నల్లపొడి, కలపాలి. ఈ పాఠం నేను మందు కొన్న ప్రతి రైతుకీ చెప్పి పంపాను. ఒక్కరికీ తప్పు చెప్పలేదు.

నా నూక పెట్టాల్సి వచ్చేసరికి మాత్రం పాఠం వేరేగా వినబడింది. రెండు రోజులు ఎలుకల్ని ఊరికే మేపడమా? మా కొట్లో ఒక జాతి జనం ఉండేవాళ్ళు. బెల్లం దిమ్మ దగ్గర నిలబడి ఒక చిటికెడు నోట్లో వేసుకుని, రుచి చూసి, తల ఊపి, పక్క కొట్లో కొనేవాళ్ళు. వాళ్ళని చూసి చూసి, ఊరికే రుచి చూపించడమన్నది నా ఒంటికి పడకుండా పోయింది. రెండు రోజుల మేపు ఎగరగొట్టాను. మొదటి రోజే మందు కలిపాను. నూక కూడా పురుగు పట్టి మూలన పడున్న బస్తాలోది, నూనె డబ్బా అడుగున మడ్డిలా మిగిలి కనరెక్కింది. మనుషులు వద్దన్న సరుకుని ఎలుకలు మాత్రం వద్దంటాయా అనుకున్నాను.

మరునాడు పొద్దున గట్టు మీద రెండు ఎలుకలు చచ్చి పడున్నాయి. చిన్నవి. వాటి తోకలు పట్టుకుని పెద్దమ్మ ముందు ఊపాను. "చూసినావా?"

"చూసినానప్పా. పిల్లకాయలు," అంది.

ఆ తర్వాత ఒక్కటీ చావలేదు. పొట్లాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. కొన్నిటి మీద మన్ను తోసి ఉంది, ఎవరో తొక్కకుండా కప్పినట్టు. ఒకసారి కడుపునొప్పి తెచ్చుకున్న ఎలుక ఆ వాసనకి మళ్ళీ రాదు. అధికారి ఆ సంగతీ చెప్పాడు. ఒకసారి మోసపోయిన గిరాకీ మళ్ళీ రాడని నాన్నా చెప్పేవాడు. ఇద్దరు చెప్పిందీ ఒకటేనని గట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది. అప్పుడు మంచి నూక తెచ్చి, కొత్త నూనె పోసి, పొడి కలిపి పెట్టాను. ముట్టలేదు.

పెద్దమ్మ అప్పటికే మాలూరు వైపుకి, ఎలుకలు పట్టేవాళ్ళకి కబురు పంపింది.

మూడు వారాలకి, మడిలో గింజ ముదిరే వేళకి, ఒక పొద్దున రైల్లో ఒక ముసలాయనా ఆయన భార్యా దిగారు. ఆయన చేతిలో గునపం, ఆమె చంకలో అడుగున చిల్లి పెట్టిన మట్టికుండ, భుజాన వల. ఎలుకలు పట్టడం వాళ్ళ కుల వృత్తో కడుపు వృత్తో నేనడగలేదు. ఏటేటా కోతల ముందు వచ్చి, ఈ చెరువు కింద మళ్ళన్నీ తిరిగి పట్టేవాళ్ళట. ముసలాయన రోడ్డు మీద నిలబడి చుట్టూ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏమక్కా, నీది ఒకటేనా మిగిలిండేది?"

"ఒకటేనప్పా."

"అన్నీ నీ కాడనే ఉంటాయి అయితే," అని గట్టు ఎక్కాడు.

ఆ పని చూడాల్సిందే. ఆయన ఉత్త కాళ్ళతో గట్టు వెంట మెల్లగా నడుస్తూ మడమతో తట్టేవాడు. బోలుగా మోగిన చోట ఆగేవాడు. కొత్త మన్ను ఉన్న కలుగు బతికున్నది, సాలీడు గూడు కట్టినది వదిలేసినది. దొడ్డిదారి ఎక్కడో ఉంటుంది, పైకి పలచగా మన్ను కప్పి. అది ఎప్పుడూ మొదటి దానికి రెండు మూడు అడుగుల దూరంలోనే ఉంటుందట. అక్కడ ఆమె వల పట్టి కూర్చునేది. ఆయన కుండలో ఎండుగడ్డి కుక్కి, నిప్పు పెట్టి, దాని మూతి కలుగుకి ఆనించి, వెనక చిల్లిలోంచి ఊదేవాడు. పొగ లోపలికి పోయేది. కొంచెం సేపటికి వల కదిలేది.

మొదటి కలుగులోంచి అయిదు వచ్చాయి, వాటిలో ఒకటి పిల్లి పిల్లంత పందికొక్కు. ముసలాయన ఎన్ని పట్టాడో లెక్క తెలిసేలా ఒక్కోదాని తోక కోసి పెద్దమ్మ ముందు గట్టు మీద వరుసగా పేర్చాడు. తర్వాత గునపంతో తవ్వాడు. మోకాలి లోతున చిన్న గది. అందులో వరి వెన్నులు. అన్నీ ఒకేవైపుకి తలలు పెట్టి, మా కొట్లో అగరొత్తుల కట్టలు పేర్చినట్టు పేర్చి ఉన్నాయి. బీడు మళ్ళలో దిక్కులేకుండా మొలిచిన పాత వరి కంకులూ, పెద్దమ్మ మడిలో ఎత్తుగా ఉండి ముందే పండిన చెక్కలోవీ. ముసలామె చేతులు పెట్టి వాటిని తీసి, నలిపి, సంచిలో పోసుకుంది.

"అవి ఎక్కడికి?" అన్నాను.

"మాయే గదా సామీ," అన్నాడు ముసలాయన.

"మీవి ఎట్లా అవుతాయి? మడి ఈమెది."

"గింజ మాది, తోక మీది. కూలి వేరే లేదు. మా తాత నాటి మాట."

పెద్దమ్మ తల ఊపింది. "అవునప్పా. అదే పద్ధతి."

నాకు ఆ పద్ధతి మింగుడు పడలేదు. కొట్లో దొంగతనం జరిగితే దొంగని పట్టినవాడు సరుకు తనదంటే ఒప్పుకుంటామా? పైగా ఆ ఏడు పెద్దమ్మకి ప్రతి గింజా కావాలి. ఏడాది గింజ కాకపోతే మడే పోతుంది. నేను ఆమె పక్షాన నిలబడ్డానని, న్యాయం మాట్లాడుతున్నానని నమ్మాను. కొంత నిజం. ఇంకో కొంత ఏమిటంటే, మందు విషయంలో ఓడిపోయి ఉన్నాను, ఎక్కడో ఒకచోట గెలవాలి.

"సగం," అన్నాను.

"వద్దప్పా, ఉండనీ," అంది పెద్దమ్మ.

"నువ్వుండు పెద్దమ్మా. నీకు మాట్లాడటం తెలీదు. కలుగులో గింజ సగం నీది, సగం వాళ్ళది. ఇది ధర్మం."

ముసలామె మోచేతి దాకా మన్ను అంటుకున్న చేతిని కలుగులోంచి తీసి నావైపు చూసింది. "లోపల చెయ్యి పెట్టేది నేను. పాముంటే కరిచేది నన్ను. ఆ కాటులో కూడా సగం తీసుకుంటావా నాయనా?"

"పాముంటే ఎలుకలే ఉండవు కదవ్వా," అన్నాను.

ముసలాయన నవ్వాడు. నేనూ నవ్వాను. మంచి జవాబు చెప్పానని ఆ పూటంతా నాలో నేను మురిసిపోయాను. పెద్దమ్మ నవ్వలేదు, ముసలామె నవ్వలేదు.

"సరే సామీ," అన్నాడు ముసలాయన. "సగం."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. నాలుగోవంతు దగ్గర తెగుతుందని నా అంచనా. మధ్యాహ్నం దాకా వాళ్ళు పని చేశారు. రోడ్డు వైపు గట్టూ, కాలవ వైపు గట్టూ పూర్తిచేశారు. తోకలు మూర పొడవున వరుస కట్టాయి. తర్వాత ముసలాయన పెద్దమ్మ దగ్గర చేట అడిగి, సంచిలో గింజ అంతా కుమ్మరించి, అరచేత్తో మధ్యకి గీత గీసి రెండు కుప్పలు చేశాడు. నేను కొలిచినా అంత సరిగ్గా రాదు. ఒక కుప్ప నా ముందుకి తోశాడు. ఒకటి సంచిలోకి ఎత్తుకున్నాడు. గునపం భుజాన వేసుకున్నాడు.

"ఇంకా రెండు గట్లున్నాయి కదా," అన్నాను. దిబ్బల వైపు గట్లు అవి. అసలు కలుగులన్నీ ఉన్నది అటే.

"సగం మేము పట్టినాము సామీ. మిగతా సగం నువ్వు పట్టుకో."

అని నడవడం మొదలుపెట్టాడు. ముసలామె కుండలో బూడిద గట్టు మీద బోర్లించి, కుండ చంకన పెట్టుకుని ఆయన వెనక నడిచింది.

ఇక్కడే నేను చేసిన పని ఇంకొకరు చేసి ఉండరు. సంతలో పుట్టి పెరిగినవాడు తప్ప. మా వీధిలో గిరాకీ లేచి వెళ్ళిపోతుంటే వెంటనే పిలవకూడదు. పిలిస్తే లోకువ. పది అడుగులు వెయ్యనివ్వాలి. మూల తిరిగేముందు వాడే ఆగి ఒక్కసారి వెనక్కి చూస్తాడు. అప్పుడు పిలవాలి, అప్పుడు మనం చెప్పిందే ధర. నేను నిలబడి అడుగులు లెక్కపెట్టాను. పది అయ్యాయి, ఇరవై అయ్యాయి.

"పిలువప్పా," అంది పెద్దమ్మ.

"ఉండు పెద్దమ్మా. చూస్తాడు."

"పిలువు. పోతాండారు."

"చూస్తాడు, చూస్తాడు. నేను చూడలేదా ఇట్లాంటివాళ్ళని."

పెద్దమ్మ తానే పిలవబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. తాకలేదు, ఊరికే గాల్లో అడ్డం పెట్టాను. ఆమె ఆగిపోయింది. అప్పజెప్పిన పనిలో తలదూర్చే మనిషి కాదు ఆమె. హద్దురాళ్ళ మధ్య వాళ్ళిద్దరి తలలూ గడ్డి మీద కొంతసేపు కనబడ్డాయి. తర్వాత కనబడలేదు. వాళ్ళు బేరమాడటం లేదని, వెళ్ళిపోతున్నారని నాకు స్టేషనులో బండి కూత వినబడ్డాక తెలిసింది.

ఆ కుప్ప గింజని పెద్దమ్మ ఒక గుడ్డ సంచిలోకి ఎత్తి మూతి కట్టింది.

రెండు రోజులు పౌరుషంతో ఊరుకున్నాను. మూడో రోజు మాలూరు బండెక్కాను. స్టేషను బయట టీ కొట్లో అడిగితే వాళ్ళ గుడిసెలు చూపించారు. గుడిసె మూసి ఉంది. పక్క గుడిసెలో ఒకామె చెరుకు తోటల పనికి అరవదేశం వైపు పోయారని, పండగ దాకా రారని చెప్పింది. "ఏమి పని అప్పా?" అని అడిగింది. "సగం వద్దు, అంతా తీసుకోమని చెప్పడానికొచ్చాను," అన్నాను. ఆమెకి అర్థం కాలేదు. వచ్చేటప్పుడు టీ తాగి, అలవాటుకొద్దీ, టీ పలచగా ఉందని దెప్పి వచ్చాను.

తర్వాత చేసినవన్నీ పెద్దగా చెప్పుకునేవి కావు. పాత క్యాసెట్లలో టేపు లాగి మడికి అడ్డంగా కట్టాను. గాలికి అది గుయ్యిమని మోగేది. ఎండలో మెరిసేది. కాకులు రెండు రోజులు భయపడ్డాయి. ఎలుకలు తిరిగేది చీకట్లో కాబట్టి మెరుపు వాటికి పట్టలేదు. బోన్లు పెట్టాను, ఒక ముంగిస పడింది. అది ఎలుకల్ని తినే ప్రాణి. వదిలేస్తే ఇంక అటువైపు రాలేదు. పక్క మళ్ళవాళ్ళ దగ్గరికి వెళ్ళి, మీ దిబ్బల్లో కలుగులు తవ్వించండి, ఒక్క మడిలో పట్టుకుంటే లాభం లేదు అని బతిమాలాను. ఒకాయన, "మాకు పైరే లేదు, ఎలకలుంటే మాకేమప్పా?" అన్నాడు. ఇంకో మడిని ఎవరో కొనేసి పోయాడు, ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు.

కోతల ముందు ఒక సాయంత్రం పెద్దమ్మ బావగారి కొడుకులు రోడ్డు మీద బండి ఆపి చూశారు. నేనూ అప్పుడే వెళ్ళాను. మడి నిండుగా ఉంది. గట్టు చుట్టూ వరి వెన్నులు బరువుతో వంగి ఉన్నాయి. పెద్దకొడుకు ముఖం మాడ్చుకుని, "పండిందే ఈ ఏడు కూడా," అన్నాడు. నాకు గుండెలో దీపం వెలిగించినట్టయింది. కొట్టుకెళ్ళి మా ఆవిడతో, "పెద్దమ్మ గట్టెక్కింది," అన్నాను.

నేను జీవితంలో ఏ బస్తానీ పై గింజ చూసి కొనలేదు. ఇనుప గొట్టం మధ్యకి గుచ్చి, లోపలి గింజ లాగి చూసే కొన్నాను. పైన మంచిది పోసి లోపల తాలు నింపేవాళ్ళని వాసనతో పట్టేవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం గట్టు మీద నుంచి చూసి ఇంటికొచ్చాను.

ఎలుక గట్టు పక్కన తినదు. అక్కడ దానికి భయం. మనుషులు, కుక్కలు, గద్దలు. నడి మడిలోకి పోయి తింటుంది. కోత రోజు కూలివాళ్ళు నాలుగు బారల లోపలికి పోయేసరికి కొడవళ్ళు గాల్లో ఆగాయి. లోపల ఏమీ లేదు. మధ్యలో వరి నేలమట్టంగా, బండి చక్రంలా గుండ్రంగా ఖాళీ. చుట్టూ నాలుగు బారల వెడల్పున పైరు గోడలా నిలబడి ఆ ఖాళీని రోడ్డు నుంచి దాచిపెట్టింది. ఏటవాలుగా కోసిన మొదళ్ళు ఎండి, నడిస్తే కాళ్ళకి గుచ్చుకున్నాయి. ఒక కూలామె కొడవలి నడుంలో దోపుకుని, "ఇంక ఇంటికి పోదామా పెద్దమ్మా?" అని అడిగింది. ఎగతాళికి కాదు.

"గట్టు చుట్టూ ఉండేది కొయ్యండి," అంది పెద్దమ్మ.

నూర్చి తూర్పారబట్టాక ఆ గింజలు ఇంటికి నాలుగు నెలలకి వస్తాయో రావో.

నేను ఆమెను మాట మార్చుకోమన్నాను. "ఎలుకలు తిన్న ఏడు లెక్కలోకి రాదని చెబుదాం. వానలు పోయిన ఏడు, ఎలుకలు తిన్న ఏడు వేరు అని నేను మాట్లాడతా. పెద్దమనుషులు నా మాట వింటారు." ఎట్లా మాట్లాడాలో కూడా ఆలోచించుకున్నాను. మంచి వాదన.

"మాట్లాడద్దప్పా. నీవు మాట్లాడింది చాలు," అంది. కోపంగా కాదు. కొట్లో "చాలప్పా" అన్నట్టే అంది.

పది రోజుల తర్వాత పొద్దున్నే కొట్టు ముందు ఆటో ఆగింది. లోపల బావగారి కొడుకులిద్దరూ ఉన్నారు. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని దిగింది. చేతిలో ఆ గుడ్డ సంచి. మూతి ఆ రోజు కట్టినట్టే కట్టి ఉంది. తెచ్చి త్రాసు పళ్ళెంలో పెట్టింది.

"ఇది నీది."

"నాదేంటి పెద్దమ్మా, నీ గింజే కదా."

"నా మడి గింజ నా ఇంట్లో ఉండాది. ఇది కలుగులో సగం. నువ్వు అడిగితివి, ఆయప్ప ఇచ్చె. దీన్ని నేను నా దాంట్లో కలపలే."

"కలుపుకో. నేను నీకోసమే కదా అడిగింది."

"తెలుసప్పా," అంది. "అయినా ఆడిన బేరానికి వద్దనకూడదు. మీ నాయన అనేటోడు."

నాన్న అనేవాడు. నేను సంచి తీసుకున్నాను. ఆమె ఆటో ఎక్కింది. పెద్దకొడుకు ఆమెకి లోపలివైపు చోటిచ్చి తాను అంచున కూర్చున్నాడు, పడిపోకుండా. రిజిస్ట్రారు ఆఫీసు తెరిచే వేళకి వెళ్ళాలని డ్రైవర్ని తొందరపెట్టాడు.

ఆమెను మారతహళ్ళిలో అద్దె ఇంటికి తీసుకెళ్ళారు. మంచిగానే చూసుకున్నారు. అబద్ధం ఎందుకు చెప్పాలి. నేను ఒకసారి వెళ్ళాను. మూడో అంతస్తు. ప్లాస్టిక్ సంచిలో కొన్న బియ్యం ఉంటే దాన్ని పైనుంచే వేళ్ళతో నొక్కి చూస్తూ కూర్చుంది. నేను ఏదేదో మాట్లాడాను. లేచేటప్పుడు అడిగింది.

"అవి ఏడికి పోయినాయప్పా?"

"ఏవి పెద్దమ్మా?"

"ఎలకలు. మడి పూడ్చేసినారు గదా."

"ఊళ్ళోకి వచ్చాయి," అన్నాను. "కొట్లోకి కూడా."

"ఏమి చేస్తాయి," అంది. "అవి కూడా ఏడికని పోతాయి."

రెండువేల సంవత్సరం దాటాక చెరువు కింద అపార్ట్‌మెంట్లకి పునాదులు తీశారు. ఆ వానాకాలానికి పెద్దమ్మ లేదు. తవ్విన నేలలోంచి లేచిన ఎలుకలు, పందికొక్కులు మురికి కాలవల వెంట ఈసారి గుంపులుగా వచ్చి సంతవీధి కొట్లన్నిటిలో పడ్డాయి. మా వెనక గదిలో బస్తాలు కొరికాయి, తలుపు మూల కొరికాయి, గోడకి అంటించిన వ్యవసాయ శాఖ కాగితం అంచులు కూడా కొరికాయి. అయినా మధ్యలో అక్షరాలు మిగిలాయి.

అటక మీద రేకు డబ్బాలో ఆ గింజ ఉంది. అమ్మలేదు. మిల్లుకి తీసుకెళితే ఇంత కొంచెం మర ఆడదని మిల్లువాడన్నాడు. దించాను. ఇంత కాలం తర్వాత కూడా కొన్ని గింజల మీద సన్నటి పంటి గాట్లున్నాయి. రోట్లో దంచి, చెరిగి, నూక చేశాను. కొత్త నూనె డబ్బా మూత తీశాను.

మొదటి రోజు మందు కలపకుండా చిన్న చిన్న కుప్పలు పెట్టాను. కొంచెం కొరికి వెళ్ళాయి. రెండో రోజు మళ్ళీ పెట్టాను. మిగల్చకుండా తిన్నాయి. మూడో రోజు పొడి కలిపాను. తెల్లవారి బస్తాల వెనక, గడప దగ్గర, కాలవ వెంట చచ్చి పడున్నాయి, పెద్దవీ చిన్నవీ. ఆ తర్వాత చాలా కాలం మా కొట్లోకి ఎలుక రాలేదు. కాగితంలో రాసింది అక్షరం పొల్లుపోకుండా నిజం.

చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని వాటిని ఏరుతూ, ఎందుకో తెలియదు, కత్తి తెచ్చి ఒక్కోదాని తోకా కోసి గడప మీద వరుసగా పేర్చాను. పేర్చడం అయ్యాక, అవి ఎవరి ముందు పెట్టాలో తోచక, వాటి పక్కనే కూర్చున్నాను.